మన్యమా, సీమా: నాలుగు రోజుల సెలవుకు ఏ దిక్కు?

ఆంధ్రప్రదేశ్ పటంలో ఈ చివర అరకు, ఆ చివర లేపాక్షి. ఒకే రాష్ట్రం కదా, ఒకే విడతలో చుట్టేద్దాం అనుకునేవాళ్లు ముందు ఒక లెక్క చూసుకోవాలి. విశాఖపట్నం నుంచి గండికోటకు రోడ్డు మీద దాదాపు 700 కిలోమీటర్లు. నాలుగు రోజుల సెలవులో ఒకటిన్నర రోజు కారు సీట్లోనే కరిగిపోతుంది. అందుకే ఒక దిక్కే ఎంచుకోవాలి. ఏది బాగుంటుందని అడిగితే తెగదు, రెండూ బాగుంటాయి. అడగాల్సినవి వేరే మూడున్నాయి: వెళ్లేది ఏ నెలలో, బండి ఉందా లేదా, వెంట వచ్చేది ఎవరు.

ఇక్కడ మన్యం అంటే అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి. విశాఖ దానికి గుమ్మం. సీమ అంటే నంద్యాల, కడప, అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ఉన్న యాగంటి, బెలుం, గండికోట, తాడిపత్రి, లేపాక్షి. తిరుమలను ఇందులో కలపలేదు. ఆ ప్రయాణం దర్శనం టికెట్టు దొరికిన తేదీ చుట్టూ తిరుగుతుంది, దాని లెక్క వేరు.

ముందు నెల

నవంబరు నుంచి జనవరి దాకా రెండు వైపులా మంచి కాలమే. తేడా అంతా జనంలో ఉంటుంది. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో అరకు గదులు చాలా ముందే అయిపోతాయి. లంబసింగి, పాడేరు దగ్గరి వంజంగి కొండ దారుల్లో తెల్లవారుజామున నాలుగింటికే కార్లు బారులు తీరతాయి. మంచు చూద్దామని బయల్దేరినవాళ్లు ముందు కారు వెనక దీపాలు చూసి తిరిగొస్తారు. కాబట్టి ఆ రెండు నెలల్లో మీకు వారాంతమే కుదిరితే నిస్సందేహంగా సీమకు వెళ్లండి. మంగళ, బుధ, గురువారాలు కుదిరితే మన్యం. సంక్రాంతి వారం రెండు చోట్లా కష్టమే. ఊళ్లకు వెళ్లేవాళ్లతోనే బస్సులు, రైళ్లు నిండిపోతాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన్యం పచ్చగా ఉంటుంది, జలపాతాలు నిండుగా దూకుతాయి. కానీ ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడేది, రైలు పట్టాల మీదికి బండలు దొర్లేది కూడా అప్పుడే. దోమలు, మలేరియా బెడద కూడా ఆ నెలల్లోనే ఎక్కువ. పొడుగు చేతుల చొక్కాలు, దోమల మందు లేకుండా వెళ్లకూడదు. అదే ఆగస్టు, సెప్టెంబరుల్లో సీమ చాలామంది అనుకున్నంత చెడ్డగా ఉండదు. మబ్బు పట్టి ఉంటుంది, గాలి తిరుగుతుంది, నల్లమల అంచులు పచ్చబడతాయి. అనంతపురం జిల్లా దేశంలోనే వాన తక్కువ పడే చోట్లలో ఒకటి. రైతుకు అది శాపం, ఆ రోజుల్లో వచ్చే యాత్రికుడికి మాత్రం తడవకుండా తిరగగలిగే వెసులుబాటు.

అక్టోబరులో మన్యం టికెట్లు కొనేముందు ఆగి ఆలోచించాలి. బంగాళాఖాతం తుపాన్ల నెల అది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర దాటింది. నవంబరులో ముప్పు దక్షిణానికి జరుగుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది కడప జిల్లాలోనే. దీన్నిబట్టి చేయాల్సింది ఒకటే. అక్టోబరు, నవంబరుల్లో రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే గదులే తీసుకోండి. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. అల్పపీడనం వాయుగుండంగా మారిందని చదివితే ప్రయాణం వాయిదా వేయండి.

మార్చి నుంచి మే దాకా సీమ వద్దు. గండికోట బండలు మధ్యాహ్నం పీల్చుకున్న వేడిని రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటాయి. మదనపల్లె దగ్గర 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్సిలీ హిల్స్ ఒక్కటి మినహాయింపు. చైత్ర పౌర్ణమి రాత్రి ఒంటిమిట్టలో జరిగే కోదండరాముడి కల్యాణం చూడాలనుకుంటే అది వేరే సంగతి. అప్పుడు కూడా పగలు గదిలో ఉండి పొద్దుగూకాక కదలడమే మంచిది. అరకు వేసవిలో మైదానం కంటే చల్లగానే ఉంటుంది గానీ కొండల మీద పొగ మసక కమ్మి దూరపు దృశ్యాలు కనపడవు. చల్లదనం కోసమైతే వెళ్లండి, ఫొటోల కోసమైతే వద్దు.

బండి లేకపోతే

సొంత కారు లేదు, అద్దెకు తీసుకోవాలన్న ఆలోచన కూడా లేదు అంటే మన్యమే. విశాఖ నుంచి పొద్దున్నే ఏడింటి లోపు బయల్దేరే కిరండుల్ రైలు దాదాపు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు తెచ్చి జపాన్‌కు పంపడం కోసం 1960ల్లో వేసిన మార్గమిది. యాభైకి పైగా సొరంగాలు దాటుతుంది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె టికెట్లు ముందే అమ్ముడైపోతాయి, రిజర్వేషన్ తెరిచిన రోజే కొనాలి. దొరక్కపోతే దిగులుపడనక్కర్లేదు. మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికినా చాలు, గాలి కూడా తగులుతుంది. కొండ ఎక్కేటప్పుడు లోయ ఎక్కువ భాగం కుడివైపు కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు: రైల్లో వెళ్లి, సాయంత్రం రైల్లోనే వెనక్కి రావాలనుకోవడం. అరకులో దిగేసరికి పదకొండు కావస్తుంది, తిరుగు రైలు మధ్యాహ్నం తర్వాత వచ్చేస్తుంది. ఆ మధ్యలో పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం తప్ప ఏమీ అందవు. బొర్రా గుహలు కూడా పోతాయి. మంచి పద్ధతి ఏమిటంటే, రైల్లో ఎక్కి రోడ్డు మీద దిగడం. కారు మాట్లాడుకుని, డ్రైవరును ఖాళీ బండితో అరకు స్టేషన్‌కు రమ్మనండి. రాత్రి అక్కడ ఉండి మర్నాడు గాలికొండ, అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా చూసుకుంటూ శృంగవరపుకోట మీదుగా విశాఖ రావచ్చు. రోడ్డు దూరం దాదాపు 115 కిలోమీటర్లు. ఘాట్‌లో రాత్రి నడపవద్దు, చీకటి పడకముందే శృంగవరపుకోట చేరేలా లెక్క వేసుకోండి.

సీమలో ఈ వెసులుబాటు లేదు. కాచిగూడ నుంచి గుత్తి మీదుగా కడప వైపు వెళ్లే రాత్రి రైళ్లు తాడిపత్రి, ఎర్రగుంట్ల దాకా తీసుకొస్తాయి. అక్కడి నుంచి జమ్మలమడుగుకు బస్సు, జమ్మలమడుగు నుంచి గండికోటకు 15 కిలోమీటర్లు ఆటో. ఒక్క గండికోటకైతే ఇది సరిపోతుంది. కానీ యాగంటి, బెలుం, గండికోట, తాడిపత్రి నాలుగూ బస్సుల్లో చూడాలంటే రోజుకు ఒకటే తెములుతుంది. చూసేది గంట, బస్టాండులో కూర్చునేది మూడు గంటలు. సీమకు బండి తప్పనిసరి అనుకోండి.

అద్దె మాట్లాడేటప్పుడు ఒక కిటుకు. ఊరు దాటి వెళ్లే బండ్లకు చాలాచోట్ల రోజుకు 250 లేదా 300 కిలోమీటర్ల కనీస లెక్క ఉంటుంది. తిరిగినా తిరగకపోయినా ఆ కిలోమీటర్ల డబ్బు కట్టాలి. అరకు రానుపోను, చుట్టుపక్కల తిరుగుడుతో కలిపి రెండు రోజులకు 300 దాటడం అరుదు. అంటే కిలోమీటరు లెక్కన మాట్లాడుకుంటే తిరగని దూరానికి డబ్బు పోస్తారు. మన్యానికి మొత్తం ప్యాకేజీ ధర మాట్లాడుకోండి. సీమలో రోజూ 250 నుంచి 300 తిరుగుతారు కాబట్టి అక్కడ కిలోమీటరు లెక్కే లాభం. డ్రైవరు బత్తా, టోల్, పార్కింగ్, రాత్రి అతని బస ఎవరు చూసుకోవాలో బయల్దేరకముందే తేల్చుకోవాలి.

ఎక్కడి నుంచి బయల్దేరుతున్నారన్నది కూడా చాలావరకు ఈ ప్రశ్నను తేల్చేస్తుంది. బెంగళూరు తెలుగువాళ్లకు లేపాక్షి 120 కిలోమీటర్లు, గండికోట 280. వాళ్లు రెండు రోజుల వారాంతానికి విశాఖ గురించి ఆలోచించనే వద్దు. హైదరాబాద్ నుంచి గండికోట ఆరేడు గంటల దారి. విశాఖకు రైల్లో ఒక రాత్రి, లేదంటే వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటలు. రాజమండ్రి వాళ్లకు మన్యమే దగ్గర.

వెంట వచ్చేవాళ్లు, రెండు గుహలు

పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే గుహల దగ్గరే నిర్ణయం తేలిపోతుంది. రెండు వైపులా ఒక్కో పేరున్న గుహ ఉంది. రెండూ సున్నపురాయి కరిగి ఏర్పడ్డవే. కానీ లోపలికి అడుగు పెడితే రెండూ రెండు లోకాలు.

బొర్రా విశాలమైనది. గుహ నోరే పెద్దది, కప్పు చాలా ఎత్తున ఉంటుంది, పైనున్న కంతల్లోంచి వెలుతురు పడుతుంది. పైనుంచి నీళ్లు ఊరుతూ సున్నాన్ని మోసుకొచ్చి చుక్కచుక్కగా దింపడంతో కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు, నేల నుంచి లేచిన స్తంభాలు ఏర్పడ్డాయి. గోస్తనీ నది పుట్టేది ఇక్కడే. లోపల ఊపిరాడకపోవడం ఉండదు. ఇబ్బంది మెట్లతోనే. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది, ఎక్కేటప్పుడు మోకాళ్లు మొరపెట్టుకుంటాయి. మెట్లు తడిగా ఉంటాయి కాబట్టి నున్నటి అడుగున్న చెప్పులు పనికిరావు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదటి పెద్ద హాలు దాకా దిగి ఆగిపోతే చాలు, అసలు వైభవం అక్కడే ఉంది. గుహ బయట కోతులుంటాయి. చేతిలో పల్లీల పొట్లం, కవరు పట్టుకుని నడవకండి.

బెలుం పొడవైనది. కొలిచినంత మేర 3,229 మీటర్లు. మైదాన ప్రాంతపు గుహల్లో మన దేశంలో ఇంత పొడవైనది ఇంకొకటి లేదు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు. 1980ల మొదట్లో జర్మన్ల బృందం వివరంగా సర్వే చేసింది, 2002లో జనానికి తెరిచారు. ఇందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు దాకా నడిచి చూడవచ్చు. పొలాల మధ్య నేల మీద గొయ్యిలా ఉండే ద్వారం గుండా దిగుతారు. ఒకప్పుడు నాపరాతి పొరల మధ్య భూగర్భజలం పారి కోసుకుపోయిన దారులు కాబట్టి ఇవి ఇరుకుగా, అడ్డంగా, మెలికలు తిరుగుతూ సాగుతాయి. లోపల చల్లగా ఉంటుందనుకుని వెళ్లేవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. గాలి కదలదు, తేమ ఎక్కువ, పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. గొట్టాలతో బయటి గాలి పంపుతారు గానీ గుంపులు ఎక్కువైతే ఉక్కపోత తగ్గదు. ఉబ్బసం, రక్తపోటు ఉన్నవాళ్లు, ఇరుకంటే భయపడేవాళ్లు లోతుగా వెళ్లవద్దు. అన్నిటికంటే కింద ఉన్న పాతాళగంగ నేల మట్టానికి 46 మీటర్ల లోతున ఉంది. అక్కడి దాకా దిగితే మళ్లీ ఎక్కాలి మరి.

బెలుంకు పలచటి నూలు బట్టలు, చేతి రుమాలు, లోపలికి వెళ్లేముందు అర లీటరు నీళ్లు తాగడం, ఫోన్ దీపం కాకుండా వేరే టార్చి. పొద్దున తెరవగానే పదింటికి వెళ్లండి. మధ్యాహ్నానికి విద్యార్థుల బస్సులు దిగితే ఇరుకు దారుల్లో ఎదురెదురు తోపులాటే. కప్పు తక్కువ ఎత్తున్న చోట పొడుగువాళ్ల నుదుళ్లకు దెబ్బలు తగలడం మామూలు. రెండు గుహలూ సాయంత్రం ఐదింటికల్లా మూసేస్తారు, నాలుగు దాటి చేరితే టికెట్టు డబ్బు దండగ.

పిల్లలకు ఘాట్ రోడ్డు వాంతులు సీమలో ఉండవు. దానికి బదులు గండికోట అంచుంది. పెన్న లోయ మీదికి చూసే బండల దగ్గర కటకటాలు లేవు, ఎనిమిదేళ్ల లోపు పిల్లల చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకూడదు. మన్యం వెళ్లేటప్పుడు శృంగవరపుకోట ముందు కడుపు నిండా పెట్టవద్దు. రెండు ఇడ్లీలు, ఒక నిమ్మకాయ చేతికిచ్చి ముందు సీట్లో కూర్చోబెడితే సగం సమస్య తీరుతుంది.

మన్యానికైతే: మంచు లెక్క

అరకు ఒక్కటి చూసి వచ్చేస్తే మన్యం సగమే చూసినట్టు. మూడు రోజులుంటే ఈ చుట్టు మంచిది: మొదటి రోజు రైల్లో అరకు, సాయంత్రం చాపరాయి. రెండో రోజు అరకు నుంచి పాడేరు, రాత్రి అక్కడే బస. మూడో రోజు తెల్లవారుజామున వంజంగి, తర్వాత చింతపల్లి, లంబసింగి, నర్సీపట్నం మీదుగా విశాఖ. దారిలో బొర్రా కావాలంటే రెండో రోజు పొద్దున వెనక్కి దిగి రావాలి, దానికి అరపూట పోతుంది. రోజు తక్కువైతే లంబసింగి వదిలేసి పాడేరు నుంచి మాడుగుల, చోడవరం దారిలో దిగిపోండి.

వంజంగిలో కనిపించే మేఘాల సముద్రం నిజానికి లోయలో పేరుకున్న పొగమంచు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడి త్వరగా పైకి పోతుంది. నేలను అంటిన గాలి చల్లబడి బరువెక్కి కొండవాలు మీదుగా లోయలోకి జారుతుంది, అక్కడి తేమ మంచుగా మారుతుంది. పైన ఇంకా వెచ్చగా ఉన్న గాలి దాని మీద మూతలా కూర్చుంటుంది కాబట్టి ఆ మంచు పైకి లేవలేదు. కొండ మీద నిలబడ్డవాళ్లు ఆ మూతకు పైన ఉంటారు, అందుకే పాల కడలి చూసినట్టుంటుంది. ఇది తెలిస్తే వెళ్లాలో వద్దో బస దగ్గరి నుంచే చెప్పవచ్చు. రాత్రి మూడింటికి లేచి బయటికి రండి. చుక్కలు స్పష్టంగా కనిపిస్తూ గాలి వీచకుండా ఉంటే వెంటనే బయల్దేరండి. ముందు రోజో, అంతకు ముందు రోజో జల్లు పడి ఉంటే ఇంకా మంచిది, లోయలో తేమ ఉంటుంది. మబ్బు కమ్మి ఉన్నా, చెట్లు ఊగుతున్నా మళ్లీ పడుకోండి, ఆ పొద్దు ఏమీ కనపడదు.

వెళ్తే నాలుగున్నరకల్లా కొండ కింద ఉండాలి. బండి ఆగిన చోటి నుంచి పైకి నడక, చీకట్లో రాళ్లదారి. టార్చి, పట్టున్న బూట్లు, చెవులు మూసే టోపీ కావాలి. స్వెట్టరు వేసుకుని ఎక్కడం మొదలుపెట్టకండి. ఎక్కేటప్పుడు పట్టిన చెమట పైన గాలికి చల్లబడి వణుకు పుట్టిస్తుంది. సంచిలో పెట్టుకుని పైకి చేరాక వేసుకోండి. పొద్దెక్కాక ఎనిమిది, తొమ్మిది మధ్య మంచు విడిపోతుంది. లంబసింగిలో వ్యవహారం దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ మీరు మంచు లోపలే ఉంటారు, చూడటానికి ఏమీ ఉండదు, చలిమంట దగ్గర కూర్చుని ఒంటికి తగిలించుకోవడమే. ఆ తేడా తెలియక లంబసింగి వెళ్లి నిరాశపడేవాళ్లున్నారు.

వలిసె పూలు నవంబరు, డిసెంబరుల్లో అరకు, పాడేరు పొలాలను పసుపు పచ్చ చేస్తాయి. అవి నూనెగింజ పంట, ఎవరిదో జీవనం. ఫొటో కోసం చేలోకి దిగి తొక్కవద్దు, గట్టు మీద నుంచి తీసుకోండి, రైతు కనపడితే అడిగి, అడిగినంత ఇవ్వండి. కాఫీ పళ్లు ఎర్రబడేది కూడా ఆ నెలల్లోనే. గిరిజనుల ధింసా నృత్యం చూడాలంటే బృందంతో ముందే ధర మాట్లాడుకోవాలి.

సీమకైతే: ఎండ లెక్క

మన్యంలో రోజును మంచు నడిపిస్తే సీమలో ఎండ నడిపిస్తుంది. చలికాలంలో కూడా పదకొండు నుంచి మూడున్నర దాకా ఆరుబయట ఏదీ పెట్టుకోకండి. ఆ వేళను ప్రయాణానికి, భోజనానికి, తెరిచి ఉన్న గుళ్ల లోపలి మండపాలకు వాడండి. గుళ్లలో చెప్పులు విప్పి బండపరుపు మీద నడవాలి. మధ్యాహ్నం ఆ బండలు కాలుతున్న పెనంలా ఉంటాయి. ఒక జత మందపాటి మేజోళ్లు సంచిలో ఉంటే ప్రాకారం చుట్టూ కుంటకుండా తిరగవచ్చు. చాలా గుళ్లు మధ్యాహ్నం మూసి మూడు, నాలుగు గంటలకు గానీ తెరవరు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు: తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి కర్నూలులో ఉగ్గాని, బజ్జి తిని, బనగానపల్లె మీదుగా యాగంటి. కొండ కింద కోనేటిలో ఎప్పుడూ ఊట నీరే. పక్కనే గుహల్లో గుళ్లు, వాటికి నిలువు మెట్లు. అక్కడి నుంచి గంట ప్రయాణం బెలుం, ఇంకో గంటన్నర గండికోట. మొదటి రోజే బెలుం చూడాలంటే మధ్యాహ్నం రెండున్నరకల్లా టికెట్టు చేతిలో ఉండాలి, లేకపోతే రెండో రోజుకు పెట్టుకుని సాయంత్రానికి నేరుగా గండికోట చేరండి. ఈ దారి పొడవునా నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. రాళ్ల లారీలు చీకట్లో వెనక దీపాలు లేకుండా ఆగి ఉంటాయి. పొద్దుగూకాక వేగం తగ్గించాలి.

గండికోటలో బస పరిమితం. పర్యాటక శాఖ హరిత హోటల్, కొన్ని గుడారాల క్యాంపులు, అంతే. గది దొరక్కపోతే జమ్మలమడుగులో ఉండి తెల్లవారుజామున ఐదుంబావుకు బయల్దేరండి. చలికాలంలో ఆరింటికి లోయ అంచున ఉంటే చాలు. అక్కడికి చేరాలంటే పెద్ద పెద్ద బండలు దూకుతూ వెళ్లాలి, చీర కుచ్చిళ్లు, లుంగీలు అడ్డుపడతాయి. లోయ చూశాక వెంటనే వెనక్కి పోకండి. ఎండ ముదరకముందే మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, దాని పక్కన ధాన్యాగారం చూసేయాలి. మూడూ దగ్గర దగ్గర. గుడి స్తంభాల మీది శిల్పాలు ఏటవాలు ఎండలోనే కళ్లకు కడతాయి, నడినెత్తిన సూర్యుడుంటే చదునుగా కనిపిస్తాయి.

తర్వాత తాడిపత్రి. లేపాక్షికి ఉన్న పేరులో నాలుగో వంతు కూడా దీనికి లేదు గానీ, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాల అడుగు భాగంలో చెక్కడం చూశాక రెంటిలో ఏది మిన్న అన్న వాదన తప్పదు. ఊళ్లోనే చింతల వెంకటరమణ గుడి. రెంటికీ కలిపి రెండు గంటలు.

లేపాక్షిని బెంగళూరు వైపు నుంచి వచ్చేవాళ్లు మొదట చూడాలి, హైదరాబాద్ వాళ్లు ఈ విడత వదిలేయాలి. ఒకే వారాంతంలో గండికోట, లేపాక్షి రెండూ ఇరికిస్తే రెండూ పరుగే. జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర మళ్లితే గుడి దాదాపు 16 కిలోమీటర్లు. నేలకు ఆనని స్తంభం కింద గుడ్డ లాగడానికి అందరూ వరుస కడతారు. అసలు చూడాల్సింది నెత్తిమీద ఉంది. మండపం కప్పు నిండా విజయనగర కాలపు రంగుల బొమ్మలు, వాటిలో నాటి చీరల అంచులు, టోపీలు కూడా కనిపిస్తాయి. మెడ నొప్పి పుట్టకుండా చూడాలంటే చిన్న దుర్భిణి తీసుకెళ్లండి. ఫ్లాష్ వెయ్యవద్దు, ఆ రంగులకు చేటు. ఏకశిలా నంది గుడికి కాస్త దూరంలో విడిగా ఉంటుంది, సాయంత్రం వెలుగులో చూడండి.

అహోబిలాన్ని ఈ చుట్టులో కలపకండి. నవ నారసింహులను చూడటానికే రెండు నిండు రోజులు కావాలి. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దాకా, ఉగ్రస్తంభం దాకా అడవిలో రాళ్ల మీద నడక, పావన నరసింహుడి దగ్గరికి జీపు. స్థానిక గైడు లేకుండా వెళ్తే దారి తప్పుతారు.

పళ్లెంలో తేడా

ఒకే ధాన్యం, రెండు పేర్లు. మన్యంలో, ఉత్తరాంధ్రలో చోళ్లు, సీమలో రాగులు. అక్కడ చోడి అంబలిగా తాగుతారు, ఇక్కడ రాగి సంగటిగా ముద్ద కడతారు. సంగటిని నమలకూడదు, చిన్న ముక్క తుంచి నాటుకోడి పులుసులోనో చెనిక్కాయల (వేరుశనగల) ఊరుమిండి పచ్చడిలోనో ముంచి మింగాలి. నమిలితే పళ్లకు అంటుకుని ఇదేం తిండి అనిపిస్తుంది. ఉగ్గాని పొద్దున తొమ్మిదిన్నర లోపు, సంగటి మధ్యాహ్నం రెండు లోపు. ఆ తర్వాత దొరికితే ఆరిపోయినదే. ఎండలో తిరిగాక నన్నారి షర్బత్ తాగండి. సీసా కూల్‌డ్రింకు చల్లదనం కంటే అదే నిలుస్తుంది.

మన్యంలో బొంగులో చికెన్ తినేముందు బొంగు చూడండి. పచ్చి వెదురు అయితేనే దాని తడికి మాంసం ఉడుకుతుంది. నూనె, నీళ్లు వెయ్యరు, మసాలా పట్టించిన ముక్కలు కూరి మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. ఎండిన బొంగైతే అదే ముందు అంటుకుని లోపల పచ్చిగా మిగులుతుంది. కళ్లముందు కాల్చమనండి, ముప్పావు గంట పడుతుంది, ఆలోగా కాఫీ తాగవచ్చు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొడి, తేనె, మిరియాలు గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొంటే కల్తీ భయం ఉండదు. పాడేరు నుంచి దిగేటప్పుడు మాడుగులలో హల్వా కొనుక్కోండి, గోధుమపాలతో చేసేది, చాలా రోజులు నిలుస్తుంది.

రెండు చోట్లా సిగ్నల్ మీద నమ్మకం వద్దు. మన్యంలో కొండ మలుపు తిరిగితే పోతుంది, సీమలో ఊరు దాటితే బలహీనపడుతుంది. మ్యాపు ముందే దింపుకోండి, ఫోన్లో చెల్లింపు ఆగిపోతే ఇవ్వడానికి వంద, యాభై నోట్లుగా మనిషికి రెండు వేలైనా ఉంచుకోండి. పెట్రోలు విశాఖలో లేదా శృంగవరపుకోటలో, సీమలో కర్నూలులో లేదా తాడిపత్రిలో నింపుకోవాలి. సీమలో మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు.

వారం రోజుల సెలవుండి రెండూ చూడాలన్న పట్టుదల ఉంటే కారులో కాదు, రైల్లో కలపండి. భువనేశ్వర్ నుంచి బెంగళూరు వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ విశాఖ, విజయవాడ, గుంటూరు మీదుగా నంద్యాల, అనంతపురం, హిందూపురం దాటుతుంది. మన్యం ముగించుకుని విశాఖలో ఎక్కి నంద్యాలలో దిగితే యాగంటి, బెలుం దగ్గర. హిందూపురం దాకా పడుకుంటే లేపాక్షి 15 కిలోమీటర్లు. నంద్యాలలో దిగేవాళ్లు రైలు చేరే వేళ చూసుకుని బండిని స్టేషన్‌కు ముందే రప్పించుకోవాలి.